సి-జి-డి-జి-ఎ-డి కోసం కస్టమ్ అకూస్టిక్: ఫ్యాన్ ఫ్రెట్ 24.75–26.25 ఇంచులు సరిపోతుందా?

వైజాగ్_తీగ
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోవడమే గానీ ఇక్కడ టాపిక్ పెట్టడం ఇదే మొదటిసారి.

నేను వాయించేది దాదాపు అంతా సి-జి-డి-జి-ఎ-డి లోనే (ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా). అప్పుడప్పుడు డాడ్‌గాడ్, అంటే డి-ఎ-డి-జి-ఎ-డి. స్టాండర్డ్ ట్యూనింగ్ (ఇ-ఎ-డి-జి-బి-ఇ) మొహం చూసి ఏళ్ళయింది. ఇప్పుడున్నది మామూలు డ్రెడ్‌నాట్, 25.4 ఇంచుల స్కేలు (తీగ మోగే పొడవు), 12–53 సెట్ (ఒకటో తీగ లావు ఇంచులో వెయ్యింట 12 వంతులు, ఆరోది 53). బాధంతా ఆరో తీగతోనే. సి కి దింపి కొడితే ట్యూనర్ ముల్లు ముందు పైకి ఎగిరి, తర్వాత మెల్లగా కిందికొచ్చి కూర్చుంటుంది. కాస్త గట్టిగా మీటితే ఫ్రెట్లకి తగిలి గరగర.

కస్టమ్ గిటార్ చేయించుకుందామని బెంగళూరులో ఒక వర్క్‌షాపు వాళ్ళతో మాట్లాడాను. ఫ్యాన్ ఫ్రెట్ వేస్తామన్నారు: ఒకటో తీగ వైపు 24.75 ఇంచులు, ఆరో తీగ వైపు 26.25, ఏడో ఫ్రెట్ మాత్రం వాలు లేకుండా తిన్నగా. సిట్కా స్ప్రూస్ టాప్, వెనకా పక్కలా రోజ్‌వుడ్. ఫ్యాన్ ఫ్రెట్ అడిగిన అందరికీ ఇవే కొలతలట. అడ్వాన్స్ కట్టేముందు తెలిసినవాళ్ళ మాట వినాలనిపించింది.

కొత్తవేళ్ళు
అన్నా, ఫ్యాన్ ఫ్రెట్ అంటే ఫ్రెట్లు వంకరగా ఉండేవేనా? చూడ్డానికేనా, ఉపయోగం కూడా ఉందా?

డల్లాస్_దానయ్య
@కొత్తవేళ్ళు వంకర కాదు, వాలు. ఒక్కో ఫ్రెట్ తిన్నని గీతే, కానీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు, విసనకర్ర మడతల్లా విచ్చుకుంటాయి. లావు తీగలకి ఎక్కువ పొడవు, సన్న తీగలకి తక్కువ పొడవు ఇవ్వడానికి ఈ ఏర్పాటు. పియానో మూత తీసి చూస్తే మంద్ర స్వరాల తీగలు పొడుగ్గా, పై స్వరాలవి పొట్టిగా ఉంటాయి కదా, ఆ ఆలోచనే.

పాత సంగతే ఇది. 16–17 శతాబ్దాల్లో ఇంగ్లండ్‌లో ఓర్ఫేరియన్ అనే లోహపు తీగల వాద్యానికి వాలు ఫ్రెట్లు ఉండేవి. మన కాలానికి తెచ్చింది అమెరికన్ తయారీదారు రాల్ఫ్ నోవాక్. 1989లో పేటెంట్ వచ్చింది. జాజ్ గిటారిస్టు చార్లీ హంటర్ ఎనిమిది తీగల గిటార్ ఆయన చేసిందే. ఆ పేటెంట్ గడువు తీరి చాలా కాలమైంది కాబట్టి ఇప్పుడు ఎవరైనా వేయొచ్చు. అకూస్టిక్‌లో లోడెన్, గ్రీన్‌ఫీల్డ్ లాంటి వాళ్ళు వేస్తున్నారు.

నా దగ్గర ఒకటుంది, 25–26.5. అలవాటు పడటానికి ఒక సాయంత్రం చాలు, నిజంగా. కళ్ళు భయపడతాయి గానీ చెయ్యి భయపడదు.

లెక్కల_మాస్టారు
తమ్ముడూ, ఆ వర్క్‌షాపు వాళ్ళు ఇచ్చిన కొలతలు నీ ట్యూనింగ్‌కి ఎదురు దిశలో ఉన్నాయి. కాస్త ఓపికగా చదువు.

తీగ ఎంత బిర్రుగా ఉంటుందనేది మూడింటి మీద ఉంటుంది: దాని బరువు, పొడవు, సెకనుకి ఎన్ని కంపనాలన్నది. బరువు పెరిగిన కొద్దీ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. మిగతా రెండూ వర్గాల లెక్కన పనిచేస్తాయి. మామూలు 12–53 ఫాస్ఫర్ బ్రాంజ్ సెట్ 25.5 ఇంచుల మీద, స్టాండర్డ్‌లో, ఆరో తీగ సుమారు 11.8 కిలోలు లాగుతుంది, ఒకటో తీగ సుమారు 10.6. ఇప్పుడు ఆరో తీగని ఇ నుంచి సి కి దింపావు, అంటే 82.4 కంపనాల నుంచి 65.4 కి. బిర్రు 63 శాతానికి పడిపోతుంది. మిగిలేది 7.4 కిలోలు. నీ గరగర అక్కణ్ణుంచే.

ఆ తీగకే స్కేలు 26.25 చేస్తే ఎంత? 7.9. అరకిలో కలిసొచ్చింది. పోనీ 27 చేస్తే? 8.3. స్కేలు ముట్టుకోకుండా 53 తీగ తీసి 59 వేస్తే 9.2. రెండూ కలిపి, 27 ఇంచుల మీద 59 తీగ వేస్తే 10.3. తీగల కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ బొమ్మ ఇదే.

అసలు తిరకాసు పై తీగల్లో ఉంది. సి-జి-డి-జి-ఎ-డి లో ఒకటో తీగ కూడా ఇ నుంచి డి కి దిగుతుంది, రెండోది బి నుంచి ఎ కి. 12 తీగ 25.5 మీద డి లో 8.4 కిలోలే. దాన్ని 24.75 కి కుదిస్తే 7.9. అసలే వదులుగా ఉన్న తీగని ఇంకా వదులు చేస్తున్నారన్న మాట. 24.75 స్టాండర్డ్‌లో వాయించేవాడికి హాయిగా ఉంటుంది, వేలి కింద తీగ మెత్తబడుతుంది. నీకు పనికిరాదు.

నేనైతే ఒకటో తీగ వైపు 25.5 ఉంచి ఆరో తీగ వైపు పెంచమంటాను. పై తీగకి 13 వేస్తే 9.8 కి వస్తుంది. ఒకటో తీగకీ ఆరో తీగకీ చెయ్యి ఒకేలా తగులుతుంది.

ఓరుగల్లు_స్లైడ్
మాస్టారు చెప్పినంక నాదేముంది గని, ఒక్క మాట. లక్షలు పోసే ముందుగాల 59 తీగ ఒకటి విడిగ కొనుక్కచ్చి ఏసి సూడు తమ్మీ. కొన్ని వందల్ల అయిపోతది. అమెరికా గిటారిస్టు మైకేల్ హెడ్జెస్ అన్నేసి కింది ట్యూనింగులు వాయించింది ఎక్కువ భాగం 1971 మార్టిన్ డి-28 మీదనే. మామూలు స్కేలు, మామూలు ఫ్రెట్లు.

ఇంకోటి. నువ్వు స్లైడ్ వాయిస్తవా? వాయిస్తే గనక ఫ్యాన్ ఫ్రెట్ జోలికి పోకు. నా దోస్తు గిటార్ మీద ఓపెన్ డి పెట్టి ట్రై జేసిన. గాజు గొట్టం అడ్డంగ తిన్నగ పెడితే ఒక తీగ శ్రుతిల ఉంటది, ఇంకో తీగ తప్పుతది. ఫ్రెట్ ఎట్ల వాలి ఉంటే గొట్టం గట్లనే వాల్చాలె, అదీ ఒక్కో ఫ్రెట్‌కి ఒక్కో తీరు. మా అసొంటోళ్ళకు గది నరకం.

లెక్కల_మాస్టారు
@ఓరుగల్లు_స్లైడ్ మీ చెవి నిజమే చెప్పింది. రెండు చివర్ల మధ్య తేడా 1.5 ఇంచులు, ఏడో ఫ్రెట్ తిన్నగా అనుకుందాం. 12వ ఫ్రెట్ దగ్గర ఒకటో తీగకీ ఆరో తీగకీ 6.4 మిల్లీమీటర్ల వాలు వస్తుంది. స్లైడ్ తిన్నగా పెడితే ఒక చివర అర్ధస్వరంలో మూడో వంతు తప్పుతుంది. వినేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

వైజాగ్_తీగ
స్లైడ్ వాయించను. 59 తీగ, పైకి 13, 17 ఆర్డర్ పెట్టాను. వేశాక చెబుతా. నెక్ మీద లోడ్ ఎక్కువవుతుందేమో?

చెక్కపొట్టు
ఎక్కువవదు. ట్యూనింగ్ కిందికి దింపావు కాబట్టి మొత్తం మీద స్టాండర్డ్‌లో 12–53 లాగినంత కూడా లాగదు. నిశ్చింతగా వెయ్యి. కాకపోతే నట్‌లో (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) గాడి చూసుకో. 53 కి కోసిన గాడిలో 59 ఇరుక్కుంటుంది, ట్యూన్ చేస్తుంటే టింగ్ టింగ్ మంటూ గెంతుతుంది. ఆ టింగ్ విన్నావంటే గాడి వెడల్పు చేయించాలి. నీకు నువ్వే ఫైల్ పట్టుకోకు. నట్ గాడి లోతు ఒక్కసారి ఎక్కువైందంటే మళ్ళీ కొత్త నట్టే.

పని మీద ఉన్నా. బ్రిడ్జ్ (టాప్ మీద తీగలు బిగించే చెక్క) గురించి రాయాల్సింది చాలా ఉంది, రాత్రికి రాస్తా.

శ్రుతిపెట్టె
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. నేను సంగీతం నేర్చుకుని గిటార్‌కి వచ్చినదాన్ని, కాబట్టి నా బాధలు వేరు. డాడ్‌గాడ్ నాకు సహజంగా అనిపిస్తుంది, ఎందుకంటే డి ని షడ్జమం చేసుకుంటే తీగలు స-ప-స-మ-ప-స. రెండు శ్రుతిలో, అంటే డి లోనే, తంబురా పెట్టుకుని కూర్చున్నట్టే. ఇంగ్లండ్ గిటారిస్టు డేవీ గ్రాహం 1960ల మొదట్లో మొరాకోలో ఊద్ అనే అరబ్బు తీగల వాద్యం వాయించేవాళ్ళతో కూర్చుని, వాళ్ళ పాటకి సరిపడేలా ఈ ట్యూనింగ్ పట్టుకున్నాడంటారు. శ్రుతి నిలబెట్టే సంగీతం ఎక్కడున్నా దారి ఒకచోటికే వస్తుంది కాబోలు.

నాకు తోచింది చెబుతాను. గమకం కోసం నేను తీగని పక్కకి లాగుతాను. పై తీగలు పొట్టిగా, మెత్తగా ఉంటే నాకు లాభం. మాస్టారు 24.75 ని అంతగా కొట్టిపారేయడం నాలాంటి వాళ్ళకి వర్తించదు. తీగ వదులైతే లాగడం సులువు. కానీ గట్టిగా నొక్కితే చాలు, స్వరం పైకి జారిపోతుంది, అది మాత్రం ఒప్పుకుంటాను. వైజాగ్ గారు లాగి వాయిస్తారా, మీటి వదిలేస్తారా అన్నదాన్ని బట్టి తేలాలి.

వాద్యాన్ని సంగీతానికి తగ్గట్టు మార్చుకోవడం మనకి కొత్తేమీ కాదు. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల మాండొలిన్‌ని పక్కనపెట్టి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వాయించలేదూ? మన సంగీతాన్ని జాజ్‌తో కలిపిన శక్తి బృందం కోసం గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ చేయించుకున్న గిటార్‌కి గమకం పలికేలా ఫ్రెట్ల మధ్య చెక్క తవ్వారు, అసలు తీగల కింద అనునాదానికి ఏడు తీగలు ఏటవాలుగా వేశారు. వాళ్ళు ముందు ఏం వాయించాలో తేల్చుకుని తర్వాత చెక్క దగ్గరికి వెళ్ళారు.

వైజాగ్_తీగ
@శ్రుతిపెట్టె లాగడం దాదాపు లేదండీ. రెండు చేతులతో ట్యాపింగ్ (తీగల్ని ఫ్రెట్ల మీద తట్టి పలికించడం), కుడి చేత్తో స్లాప్ హార్మోనిక్స్ (ఫ్రెట్ మీద తీగని వేలితో చరిచి గంటలాంటి స్వరం రప్పించడం), బాడీ మీద దరువు. ఆ రకం.

చెక్కపొట్టు
స్లాప్ హార్మోనిక్స్ అన్నావు చూడు, మొత్తం డిజైన్ అక్కడే మారిపోతుంది. వర్క్‌షాపు వాళ్ళు ఈ ప్రశ్న అడగకుండా ఏడో ఫ్రెట్ అనేశారంటే కాస్త తొందరపడ్డారు.

ముందు మాస్టారి లెక్క. బిర్రు ఒక్కటే చూస్తే ఆయన మాట అక్షరాలా నిజం, లావు తీగ వేస్తే చాలు. కానీ లావు తీగ పొట్టిగా ఉంటే తీగలా కాక కడ్డీలా ప్రవర్తిస్తుంది. వంగడానికి మొరాయిస్తుంది. దాంతో మూల స్వరంతో పాటు మోగే పై స్వరకాలు ఉండాల్సిన చోటికన్నా కాస్త పైకి జరుగుతాయి. వినడానికి అది శ్రుతి తప్పినట్టు ఉండదు, మసకగా, బొంగురుగా ఉంటుంది. సి, దాని పైన జి, రెండూ కలిపి మోగించావంటే విడివిడిగా వినపడవు, ముద్దగా వస్తుంది. పొడవు పెంచితే ఆ మసక తగ్గుతుంది. ఫ్యాన్ ఫ్రెట్‌కి డబ్బులు పెట్టేది ఆ శుభ్రతకే, అరకిలో బిర్రుకి కాదు. సి దాకా దిగేవాడికి దాని విలువ తెలుస్తుంది. డాడ్‌గాడ్ దాకానే వెళ్ళేవాడికి 56 తీగ, మంచి సెటప్ చాలు. అలాంటివాళ్ళు ఫ్యాన్ ఫ్రెట్ అడిగితే నేనే వద్దని పంపేస్తాను.

ఇక ఏ ఫ్రెట్ తిన్నగా ఉండాలి? రెండు చివర్ల మధ్య 1.5 ఇంచుల తేడా, అంటే 38 మిల్లీమీటర్లు. ఈ వాలుని నట్ కొంత, బ్రిడ్జ్ కొంత పంచుకోవాలి. ఏడో ఫ్రెట్ తిన్నగా పెడితే నట్ దగ్గర 12.7 మి.మీ., బ్రిడ్జ్ దగ్గర 25.4 మి.మీ. తొమ్మిదో ఫ్రెట్ అయితే నట్‌కి 15.4, బ్రిడ్జ్‌కి 22.7. పన్నెండోది పెడితే చెరి సగం, 19, 19.

నీ స్లాప్ హార్మోనిక్స్‌కి వేలు 12వ ఫ్రెట్ మీద తిన్నగా పడాలి. ఆ ఫ్రెట్ తిన్నగా ఉంటే ఆరు తీగలూ ఒకేసారి గంటల్లా మోగుతాయి. ఏడో ఫ్రెట్ తిన్నగా ఉంటే 12 దగ్గర ఆ 6.4 మి.మీ. వాలు ఉంటుంది, వేలు ఏటవాలుగా వాల్చి కొట్టాలి. కొట్టలేమని కాదు, వేగంగా వాయించేటప్పుడు రెండు తీగలు మూగబోతాయి. అయితే 12 తిన్నగా పెడితే నట్ 19 మి.మీ. వాలుతుంది. మొదటి రెండు మూడు ఫ్రెట్లలో కార్డులు పట్టేవాడికి మణికట్టు నొప్పి. నీ ట్యూనింగ్‌లో అక్కడ ఎక్కువగా ఒకటి రెండు వేళ్ళే పెడతావు కాబట్టి నీకు అంత ఇబ్బంది ఉండదు. నేనైతే తొమ్మిది చెబుతాను, మధ్యేమార్గం. నువ్వు వాయించేది వింటే ఇంకా గట్టిగా చెప్పగలను, ఒక వీడియో పెట్టు.

బ్రిడ్జ్ సంగతి. అది అంత ఏటవాలుగా కూర్చున్నప్పుడు కింద ఎక్స్-బ్రేసింగ్ (టాప్ లోపల ఎక్స్ ఆకారంలో అతికించే ఆసరా కర్రలు) మామూలు డ్రాయింగ్‌తో వేస్తే కుదరదు. బ్రిడ్జ్ రెక్కలు రెండూ ఎక్స్ కాళ్ళ మీద పడాలి, లోపలి బ్రిడ్జ్ ప్లేట్ కూడా వాలుగా కోయాలి. లేకపోతే కొన్నేళ్ళకి ఒక పక్క పొట్ట ఉబ్బుతుంది. వాళ్ళు ముందు చేసిన ఫ్యాన్ ఫ్రెట్ గిటార్ లోపలి ఫొటో అడుగు, సౌండ్ హోల్‌లో అద్దం పెట్టి తీసింది. ఇవ్వకపోతే ఇంకో వర్క్‌షాపు చూసుకో.

కొత్తవేళ్ళు
చెక్కపొట్టు గారూ, నా దగ్గరున్న గిటార్‌కే ఫ్యాన్ ఫ్రెట్లు వేయించొచ్చా?

చెక్కపొట్టు
ఫ్రెట్‌బోర్డు మొత్తం మార్చాలి, నట్ మార్చాలి, బ్రిడ్జ్ ఊడదీసి వేరే చోట అతికించాలి, లోపల బ్రేసింగ్ దానికి సరిపోదు. వద్దు నాయనా.

ఓరుగల్లు_స్లైడ్
కాపో (తీగలన్ని ఒక్క ఫ్రెట్ కాడ నొక్కి పట్టే క్లిప్పు) సంగతి ఎవలు జెప్పలే. మామూలు కాపో పడ్తదా?

డల్లాస్_దానయ్య
పడుతుంది, కాకపోతే వాల్చి పెట్టాలి. నా గిటార్‌కి ఏడో ఫ్రెట్ తిన్నగా ఉంది, రెండో ఫ్రెట్ దగ్గర ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల వాలు. స్ప్రింగ్ కాపో జారుతుంది, స్క్రూ తిప్పే రకం బాగా నిలబడుతుంది. ఐదు, ఆరు ఫ్రెట్ల దగ్గరికొస్తే అసలు తేడా తెలీదు. తీగలు కొన్నే నొక్కే పార్షియల్ కాపో వాడేవాళ్ళు మాత్రం ముందే పెట్టి చూసుకోండి.

రోజ్‌వుడ్ మాట వచ్చింది కాబట్టి. 2017 జనవరి 2 నుంచి రోజ్‌వుడ్‌లన్నీ వచ్చే డాల్బెర్జియా జాతి మొత్తం సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని కట్టడిచేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో పడింది, అప్పట్లో గిటార్ దేశం దాటించాలంటే కాగితాల పీడ. 2019 నవంబర్ 26 నుంచి తయారైన వాద్యాలకి మినహాయింపు ఇచ్చారు. గిటార్ తీసుకుని ఇక్కడికి, అమెరికాకి, రావడానికి ఇప్పుడు ఆ గొడవ లేదు. చెక్క ముక్కలుగా తెప్పించుకుందామంటే మాత్రం నిబంధనలు ఉన్నాయి. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ జోలికి వెళ్ళకండి, దాని కథే వేరు, 1992 నుంచీ కట్టుదిట్టం.

లెక్కల_మాస్టారు
@చెక్కపొట్టు కడ్డీ సంగతి బాగా చెప్పారు. దానికి ఒక్కటి కలుపుతాను. 27 ఇంచులంటే వేళ్ళు అందవేమోనని కుర్రాళ్ళు భయపడతారు. మొదటి ఫ్రెట్ దూరం 25.5 మీద 36.4 మి.మీ., 27 మీద 38.5. తేడా రెండు మిల్లీమీటర్లు, అదీ ఆరో తీగ పక్కనే. పైకి వెళ్ళేకొద్దీ అదీ తగ్గిపోతుంది.

పాత బొబ్బిలి వీణ ఒకటి మా ఇంట్లో ఉండేది. 24 మెట్లూ మైనంలో కూర్చి, చెవితో సరిచూసి పెట్టేవారు. మెట్టు కాస్త జరిగిందంటే మైనం వేడిచేసి సర్దుకోవచ్చు. గిటార్‌కి ఆ వెసులుబాటు లేదు, ఒకసారి గాడి కోశాక కోసిందే. అందుకే కోయకముందే ఇంత లెక్క.

వైజాగ్_తీగ
కొత్త తీగలు వేశాను. 59-45-32-24-17-13. గరగర దాదాపు పోయింది. ట్యూనర్ ముల్లు ఎగరడం బాగా తగ్గింది. ఓరుగల్లు అన్నా, మీ సలహాకి దండం. నట్‌లో టింగ్ వచ్చింది, చెక్కపొట్టు గారు చెప్పినట్టే, ఇక్కడ ఒకాయన దగ్గర గాడి సరిచేయించాను.

కానీ ఆరో తీగ ఏడో ఫ్రెట్ దాటాక ఆయన చెప్పిన మసక వినపడుతోంది. కింద సి, జి రెండూ మోగిస్తూ పైన మెలడీ వాయిస్తే బేస్ ముద్దయిపోతోంది. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కాస్త పైకి పలుకుతోంది కూడా. రికార్డు చేసి కింద పెట్టాను, వినండి.

చెక్కపొట్టు
విన్నాను. నీకు ఫ్యాన్ ఫ్రెట్ అవసరమే, సందేహం లేదు. పైకి పలకడం శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ) వల్ల. 53 కోసం దిద్దిన శాడిల్ మీద 59 వేశావు, ఆ తీగకి ఇంకాస్త వెనక్కి కావాలి. నీ కుడి చెయ్యి 12 మీద ఎంతసేపు ఉంటుందో కూడా చూశాను. తొమ్మిది అన్న మాట వెనక్కి తీసుకుని పదకొండో పన్నెండో అంటాను.

శ్రుతిపెట్టె
వాయించింది చాలా బాగుంది. రెండో నిమిషంలో వచ్చిన ఆ పంచమం మోగుతుండగా పైన పలికింది మోహనేనా?

వైజాగ్_తీగ
మోహనలాగే మొదలుపెట్టానండీ, మధ్యలో ఎటో వెళ్ళిపోయింది. 😀

సరే, వర్క్‌షాపు వాళ్ళకి పంపబోయేది ఇది. ఒకటో తీగ 25.5, ఆరో తీగ 27. పన్నెండో ఫ్రెట్ తిన్నగా. నట్ వెడల్పు 45 మి.మీ. తీగలు 13–59, సి-జి-డి-జి-ఎ-డి లో పెట్టే నట్, శాడిల్ దిద్దాలి, స్టాండర్డ్‌లో కాదు. టాప్ సిట్కా, రోజ్‌వుడ్ ఎలాగూ వాళ్ళ దగ్గరే ఉంది. పికప్ (ధ్వనిని యాంప్‌కి పంపేది) శాడిల్ కిందది వద్దు, బాడీ మీద దరువు కూడా వినపడాలి కాబట్టి టాప్ లోపల అతికించేది. లోపలి ఫొటోలు అడిగాను, పంపారు, బ్రిడ్జ్ ప్లేట్ వాలుగానే ఉంది. ఇంకేమైనా?

ఓరుగల్లు_స్లైడ్
వైజాగ్ల సముద్రం గాలి. పెట్టెల తేమ మీటర్ ఏసుకో, 45 నుంచి 55 మధ్యల ఉంటే మంచిది. గిటార్ బెంగళూరు గాలికి తయారైతది, మీ ఊరికొచ్చి చెక్క ఉబ్బుతది. వచ్చిన కొన్ని వారాలకు ఒకసారి సెటప్ చేయించుడు బేరంల ముందే కలుపుకో.

లెక్కల_మాస్టారు
నాలుగో తీగ, మూడో తీగ స్టాండర్డ్ స్వరంలోనే ఉన్నాయి, మర్చిపోకు. వాటికీ స్కేలు పెరుగుతోంది, ఇంచుమించు 26.4, 26.1. అక్కడ 32, 24 కాస్త బిర్రెక్కుతాయి. 30, 23 అడిగితే సమంగా ఉంటుంది.

చెక్కపొట్టు
మాస్టారి మాట విను. ఇంకొక్కటి: వాళ్ళ డ్రాయింగ్‌లో శాడిల్ వాలు సరిగ్గా 19 అని ఉంటే సంతకం పెట్టకు. అది లెక్క ప్రకారం వచ్చే వాలు మాత్రమే. దాని పైన లావు తీగల దిద్దుబాటుకి ఆరో తీగ వైపు ఇంకో మూడు మిల్లీమీటర్ల దాకా పడాలి. శాడిల్ కూడా సన్నది వద్దు, 4 మి.మీ. మందం ఉంచమను, తర్వాత ట్యూనింగ్ మార్చినా ముందుకీ వెనక్కీ దిద్దుకోవడానికి చోటుంటుంది.